ముట్టని వంకాయ కూర

హర్షిణికి కథలంటే గిట్టదు. జోగిపేటలో స్కూలుకు పోయే రోజుల్లోనే, తెలుగు వాచకంలో కథ వచ్చిందంటే చివరి పేరా చూసి, నీతి ఏమిటో తెలుసుకుని, పేజీ తిప్పేసేది. తరవాత కెమికల్ ఇంజనీరింగు చదివింది. ఇప్పుడు బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. జరిగింది జరిగినట్టు రాయడమే ఆమె ఉద్యోగం. జరగనిది రాసేవాళ్లనూ, అది చదివి కళ్లు తుడుచుకునేవాళ్లనూ చూస్తే ఆమెకు నవ్వొచ్చేది.

అలాంటి మనిషి రోజూ సాయంత్రం ఒక నవలను గొంతెత్తి చదవాల్సి వచ్చింది. పటాన్‌చెరులో ఆమె కిరాయికుండే గది ఏసమ్మ టీచర్ ఇంటి మీద ఉంది. ఏసమ్మ బతుకంతా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైంది. రెండు కళ్లకూ శుక్లాలు. షుగర్ దిగితే గాని ఆపరేషన్ చెయ్యలేమన్నారు డాక్టర్లు.

"అక్షరాలు చీమల లెక్క పాకుతున్నయి బిడ్డా. దేవుడు నిన్ను సల్లగ జూస్తడు, జెర చదివిపెట్టు," అని ఒకరోజు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంది. కాదనడానికి హర్షిణికి నోరు రాలేదు.

ఎప్పటిదో వారపత్రికలో వచ్చిన సీరియల్ అది. ఎవరో కత్తిరించి దారంతో కుట్టుకున్నారు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. దాని పేరేమిటో, రాసిందెవరో ఇద్దరికీ తెలియదు. అందులో ఒకామె ఉంది. ఒక గుడ్డివాడికి రెండో భార్యగా వచ్చింది. రోజూ తెల్లవారకముందే లేచి బావికి పోతుంది. గిలక కిర్రుమంటుండగా బిందె నిండా నీళ్లు తోడుతుంది. తోడిన నీళ్లను అక్కడే గట్టు మీద పారబోసి, ఖాళీ బిందెతో ఇంటికొస్తుంది. ఇంట్లో నీళ్ల గాబు నిండుగానే ఉంటుంది. ఆ బావిలోనే పడి చచ్చిన మొదటి భార్య ఈమెను పట్టుకున్నదని ఊరంతా గుసగుసలు.

హర్షిణి దాన్ని సర్క్యులర్ చదివినట్టు చదివేది. ఏసమ్మ మధ్యలో ఆపి అడిగేది: "ఎందుకు పారబోసిందంటవ్?"

"పిచ్చిదేమో టీచర్."

"పిచ్చిదనుకుంటె పుస్తకం మూసుడే గదా. జెర ఆమె పక్కన నిలబడి సూడు."

లేని మనిషి పక్కన ఎలా నిలబడాలో హర్షిణికి అర్థమయ్యేది కాదు. గంట అయ్యాక మెట్లెక్కి తన గదికి పోయేది. మందుల కంపెనీల ఘాటు వాసన కిటికీలోంచి వచ్చి పక్క మీద కూర్చునేది.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీలో డబ్బా గొడవ మొదలైంది.

హర్షిణి ఉద్యోగంలో చేరకముందు అక్కడ ఒక చావు జరిగింది. సాల్వెంట్ ట్యాంకు కడగడానికి లోపలికి దిగిన మల్లేష్ అనే యువకుడు ప్రాణంతో పైకి రాలేదు. ట్యాంకులో నైట్రోజన్ మిగిలిపోయింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడు నిద్ర ముంచుకొచ్చినట్టు ఒరిగిపోతాడు. పర్మిట్ లేకుండా తనంతట తానే దిగాడని రిపోర్టు రాసి ఫైలు మూసేశారు.

దినాలు అయిపోయిన కొన్నాళ్లకు అతని తల్లి రాజవ్వ, మధ్యాహ్నం వేళ, స్టీలు డబ్బా చేత పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"యాదన్నా, మా మల్లేష్‌కు సద్ది," అంది, ఎప్పుడూ అన్నట్టే.

 సెక్యూరిటీ యాదన్న లేడమ్మా అనలేక, దాన్ని మిగతా వాళ్ల డబ్బాల పక్కన అరుగు మీద పెట్టాడు. ఆమె ఎదురుగా లారీలు తూచే కాంటా పక్కన నీడలో కూర్చుంది. సాయంత్రం వచ్చి అడిగితే యాదన్న డబ్బా తీసి ఇచ్చాడు.  డబ్బా తేలిగ్గా ఉంది. రాజవ్వ మూత తీసి చూసింది. ఖాళీ. శుభ్రంగా కడిగి ఉంది. అంచున ఇంకా నీటి చుక్కలున్నాయి.

"తిన్నడు," అని కొంగు నెత్తిమీదికి లాక్కుని వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. ఆ తరవాతా అంతే. వారం తిరిగేసరికి ఫ్యాక్టరీలో ఆ మాట తప్ప మరో మాట లేదు. దానికి తోడు సాల్వెంట్ బ్లాకులో చప్పుడు వినిపిస్తోందన్నారు. మల్లేష్ పోయిన ట్యాంకులోంచి, లోపల ఎవరో పానాతో కొడుతున్నట్టు. ఒడిశా నుంచి పనికి వచ్చిన కుర్ర పిల్లలు "ఉధర్ నై జాయెంగే" అంటూ అటు పోవడానికి మొండికేశారు.

"ఇదేదో తేల్చవమ్మా," అన్నాడు మేనేజర్. "దయ్యం కోసం ప్రొడక్షన్ ఆపలేం గదా."

హర్షిణి గేటు కెమెరా రికార్డింగు ముందు కూర్చుంది. అరుగు మీద డబ్బా కనిపిస్తోంది. ఒక ట్యాంకర్ లారీ గేట్లో అడ్డంగా ఆగింది. యాదన్న కాగితాలు చూడటానికి దాని అవతలికి పోయాడు. లారీ కదిలేసరికి డబ్బా లేదు. సాయంత్రం మరో లారీ వచ్చి పోయింది. డబ్బా యథాస్థానంలో ఉంది, ఎవరూ తాకనట్టు. ముందు రోజుది తీసింది. అదే లారీ, అదే తీరు. దానికి ముందు రోజూ అంతే. ఏసీ గదిలో ఆమె చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కెమెరా చెడిపోలేదు. అది చూడవలసిన ఒక్క క్షణమే దానికి కనిపించడం లేదు.

ఇక దీన్ని ఆపాలనుకుని ఆ సాయంత్రం తనే గేటు దగ్గరికి పోయింది. "అవ్వా, రేపటి నుంచి..." అని మొదలుపెట్టేలోపే రాజవ్వ మూత తీసింది. తీసి, కదలకుండా ఉండిపోయింది.

అన్నం గిన్నె ఖాళీ. పప్పు గిన్నె ఖాళీ. వంకాయ కూర మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ముట్టలే," అంది రాజవ్వ. చాలాసేపు కూర వైపు చూసింది. తరవాత ఫ్యాక్టరీ వైపు, ఆ పైపుల వైపు, పొగ వైపు చూసింది. గొంతు తగ్గించింది. "మా మల్లిగానికి వంకాయంటే పాణం. ఇంట్ల నేను కండ్లార సూసేదాన్ని, ఒక్క ముక్క మిగిల్చెటోడు గాదు. గిది వాడు గాదు బిడ్డా."

"మరి?"

"ఏందో మరి. వాని పేరు మీద తింటున్నది."

హర్షిణి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇక తేవద్దవ్వా," అంది ఎలాగో.

రాజవ్వ మూత గట్టిగా నొక్కింది. "ఏదైతేంది బిడ్డా. ఆకలి మీదున్నది గదా."

మర్నాడు మళ్లీ తెచ్చింది. మళ్లీ వంకాయే తెచ్చింది, కావాలనే. మళ్లీ అన్నీ ఖాళీ, వంకాయ భద్రం. ఆ మాట లోపలికి పాకింది. తినేది మల్లేష్ కాదట. మల్లేష్‌ను తిన్నదేదో అదేనట. భోజనాల వేళ క్యాంటీన్‌లో ఎవరి డబ్బాలో వంకాయ కనబడినా పక్కవాళ్లు జరిగి కూర్చునేవారు.

చప్పుడు సంగతైనా తేలుద్దామని హర్షిణి ఒక మిట్టమధ్యాహ్నం సాల్వెంట్ బ్లాకుకు ఒక్కతే పోయింది. అందరూ భోజనాలకు పోయారు. మోటార్లు ఆగి ఉన్నాయి. ట్యాంకు మూతకు తాళం వేసి ఉంది. బయట ఎండ మండిపోతున్నా ట్యాంకు పక్కన చల్లగా ఉంది. ఆమె అరచెయ్యి ఉక్కు మీద ఆనించింది.

టక్. కాసేపు ఏమీ లేదు. టక్ టక్.

చెవికన్నా ముందు చేతికి తెలిసింది. ఆమె బయటికి ఎలా వచ్చిందో ఆమెకే గుర్తు లేదు. ఎండకు పైపులు సాగుతాయి, సాగినప్పుడు చప్పుడవుతుంది, అదే రాసింది. కానీ ఆ రోజంతా ఆ అరచెయ్యి దేన్నీ సరిగా పట్టుకోలేదు.

సాయంత్రం చదవనని చెబుదామనే ఏసమ్మ గదిలోకి పోయింది. ఆమె అప్పటికే పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కనబడని కళ్లతో గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. హర్షిణి కుర్చీ లాక్కుంది. ఆ రోజు ప్రకరణంలో గుడ్డివాడు మొదటిసారి నోరు విప్పాడు. అతని మొదటి భార్య ఒక తెల్లవారుజామున నీళ్లకని పోయింది. అతను మంచం మీద పడుకుని గిలక చప్పుడు కోసం చెవి పెట్టాడు. గిలక మోగలేదు. అప్పటి నుంచీ ప్రతి తెల్లవారుజామునా అతనికి ఆ మోగని గిలకే వినిపించేది. రెండో భార్య వచ్చింది. మొదటి రోజే ఆ భయం కనిపెట్టింది. అందుకే పోయేది, తోడేది. గిలక మోగేది. గుడ్డివాడు అటు తిరిగి నిద్రపోయేవాడు.

హర్షిణి చదవడం ఆపింది.

"ఊరంత నీళ్ల సంగతే పట్టుకున్నది," అంది ఏసమ్మ మెల్లగా. "సప్పుడు సంగతి ఎవలన్న ఆలోచించిండ్రా?"

 హర్షిణి మనసు అప్పటికే గేటు దగ్గరుంది. డబ్బాను ఎవరు తింటున్నారన్నదొక్కటే అందరూ అడిగారు. తనూ అడిగింది, కెమెరాను కూడా అడిగింది. సాయంత్రం ఖాళీ డబ్బా చూసి ఇంటికి పోగలిగేది ఎవరో ఎవరూ ఆలోచించలేదు. అది రాజవ్వ చూడటం కోసం ఖాళీ అవుతున్న డబ్బా.

మరి వంకాయ? హర్షిణి కళ్లు మూసుకుని ఆ డబ్బా ముందు తనే కూర్చున్నట్టు అనుకుంది. అన్నం అయింది. పప్పు అయింది. చెయ్యి వంకాయ గిన్నె దగ్గరికి పోయింది. అక్కడ ఆగింది. ఎందుకు ఆగింది? ఇష్టం లేక కాదు. ఆకలి తీరి కాదు. ఇంట్లో ఒక్క ముక్క మిగల్చని మల్లేష్ ఇక్కడ ఏం చేసేవాడు? ఇక్కడ అవ్వ కళ్ల ముందు లేదు. ఇక్కడ పక్కన కూర్చుని తినేవాళ్లు మరెవరో ఉండేవారు.

"చదువు బిడ్డా," అంది ఏసమ్మ. "ఆగినవేంది?"

మర్నాడు మధ్యాహ్నం హర్షిణి కెమెరా గదికి పోలేదు. క్యాంటీన్‌లో ఆపరేటర్ల వరసలో కూర్చుని, ఎవరు లేరో చూసింది. బర్నబా లేడు. ట్యాంకర్ లారీలను లోపలికి నడిపించి, సాల్వెంట్ దింపించుకునే పని అతనిది. నడివయసు మనిషి, మితభాషి. లారీలతో పాటు గేటు దాకా పోయి వచ్చేది అతనొక్కడే. అడిగితే, చాన్నాళ్లుగా బాయిలర్ హౌస్ వెనక ఒక్కడే తింటున్నాడని చెప్పారు.

ఆమె వెళ్లేసరికి అతను గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ముందు స్టీలు డబ్బా తెరిచి ఉంది. కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. తరవాత మెల్లగా, మొక్కు తీర్చుకుంటున్నట్టు, ఒక్కో ముద్దా తిన్నాడు. వంకాయ గిన్నె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డబ్బా ఎందుకు తీశావని అడిగి ఉంటే అతను తలొంచుకుని లేచిపోయేవాడు. హర్షిణి పోయి పక్కన నేల మీద కూర్చుంది.

"బర్నబన్నా, వంకాయ కూర మల్లేష్ నీ పళ్లెంల వేసెటోడా?"

అతను ఉలిక్కిపడి చూశాడు.  

"ఎప్పుడు తెచ్చినా నాకే పెట్టెటోడు మేడం. వానికి వంకాయ సయించదు. ఇంట్ల మాత్రం గిన్నె నాకినట్టు తినెటోడట, ఆమె మొఖం జూసి. 'అవ్వకు చెప్పకు బర్నబన్నా' అనెటోడు." కళ్లు తుడుచుకున్నాడు. "కడమయన్నీ తింటున్న. అది మాత్రం నా చెయ్యితోని తీసుకోను ఒస్తలే. వాడు పెడితె తినేది అది."

"తినుడెందుకు మొదలుపెట్టినవ్?"

"మొదటి దినం లారీ తోలుకొస్తుంటె ఆమె కాంటా కాడ కూసున్నది. సద్ది అట్లనే తిరిగిపోతే ఆమె ఏమైతదో అని భయమైంది. ఆ మధ్యాహ్నం తిన్న. మల్ల ఆపరాలే."  తరవాత అడక్కుండానే చెప్పాడు. "ట్యాంకు మూతి కాడ నిలబడాల్సింది నేనే మేడం. లోపల మనిషుంటె మూతి ఇడిసి కదలొద్దు. సూపర్‌వైజర్ వచ్చి పంపు కాడ జెర పట్టమన్నడు, ఇట్ల పోయి అట్ల రమ్మన్నడు. పోయిన. లోపలికెంచి కొడుతున్నట్టు సప్పుడైంది. గోడకు పట్టిన బుర్ద గీకుతున్నడనుకున్న. సప్పుడు ఆగింది. పని ఒడిసిందనుకున్న." అరచేతుల వైపు చూసుకున్నాడు. "ఆగినంక గూడ తాపీగనే నడిసొచ్చిన మేడం."

బాయిలర్ ఆవిరి పైనెక్కడో బుస్సుమంది.

"ఇప్పుడు ట్యాంకుల కొడుతున్నది గూడ నువ్వేనా అన్నా?" అని అడిగింది హర్షిణి. అవునంటే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"నేను గాదు మేడం," అన్నాడు బర్నబా. "నాకు గూడ ఇనవడతది."

ఆదివారం చర్చి అయ్యాక బర్నబాను తీసుకుని హర్షిణి రాజవ్వ ఇంటికి పోయింది. ఫ్యాక్టరీలకు దగ్గరలోనే పల్లె. అతను వాకిట్లో నిలబడే అంతా చెప్పాడు. పంపు సంగతి, చప్పుడు సంగతి, తాపీగా నడిచొచ్చిన సంగతి. ఏదీ దాచలేదు. రాజవ్వ స్తంభానికి ఆనుకుని విన్నది. ఏడవలేదు. అంతా అయ్యాక ఒకే ప్రశ్న అడిగింది.

"వానికి వంకాయ సయించదా?"

"సయించదవ్వా."

"గిన్నేండ్ల సంది నేను వండుతనే ఉన్న," అంది ఆమె. లోపలికి పోయి తలుపేసుకుంది. ఎంత పిలిచినా తియ్యలేదు.

మర్నాటి నుంచి డబ్బా రాలేదు. దయ్యం వదిలిందన్నారు ఫ్యాక్టరీలో. హర్షిణి పాత ఫైలు మళ్లీ తెరిచింది. తవ్వకమ్మా అన్నాడు మేనేజర్. ఆమె బర్నబాతో వాంగ్మూలం రాయించి, సంతకం పెట్టించి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు పంపింది. మల్లేష్ తనంతట తాను దిగలేదని, అతణ్ని దింపి కాపలా మనిషిని పక్కకు పంపారని తేలింది. సూపర్‌వైజర్ ఉద్యోగం పోయింది. బర్నబాను కూడా కొన్నాళ్లు పనిలోంచి ఆపారు. హర్షిణిని సుల్తాన్‌పూర్ యూనిట్‌కు బదిలీ చేశారు, శిక్ష అనకుండా. ట్యాంకును కోసి తీసుకుపోయారు. అది ఉన్న చోట ఉత్త సిమెంటు దిమ్మె మిగిలింది. ఆ దిమ్మె పక్కనుంచి పోవాలంటే ఒడిశా పిల్లలు ఇప్పటికీ చుట్టు తిరిగే పోతారు. ఎందుకని హర్షిణి అడగలేదు.

కొంతకాలానికి యాదన్నతో రాజవ్వ కబురు పంపింది: ఆ బర్నబాను ఒకసారి రమ్మను, ఆ ఆఫీసరు బిడ్డను గూడ.

పోయారు. ఆమె చాప వేసింది. చాయ్ ఇచ్చింది. బర్నబాకు ఎదురుగా కూర్చుంది.

"వాడు అక్కడెట్లుండెనో చెప్పు," అంది. "ఇంట్ల ఉన్నోడు నాకు ఎర్కే. అక్కడున్నోడు నాకు ఎర్క లేడు."

బర్నబా చెప్పడం మొదలుపెట్టాడు. మల్లేష్ ఎట్లా నవ్వేవాడో, హిందీ రాక ఒడిశా పిల్లలతో చేతులు తిప్పుతూ ఎట్లా మాట్లాడేవాడో చెప్పాడు. అయిపోయింది. ఆమె లేవలేదు. "ఇంక?" అంది. ఇంకొంచెం చెప్పాడు. "ఇంక?" అంది. అతని దగ్గర ఉన్నవన్నీ అయిపోయాయి. అయినా ఆమె అట్లాగే చూస్తోంది. ఆ చూపు అతని మీద లేదు, అతని పక్కన ఖాళీగా ఉన్న చాప మీద ఉంది. ఇంట్లో చీకటి కాకపోయినా వెలుతురు తగ్గినట్టనిపించింది హర్షిణికి.

"బువ్వ తిన్నంక," అన్నాడు బర్నబా, కొంచెం తడబడి, "ఏపచెట్టు కింద పండుకునేటోళ్లం అవ్వా. క్యాంటీన్ ఎనక పెద్ద ఏపచెట్టు. మంచి నీడ. వాడు కొంగు తీరుగ తువ్వాల మొఖం మీదికి గుంజుకుని నిద్రపోయేటోడు. నేనే లేపెటోణ్ని. ఏమన్న కలొచ్చిందారా అంటె, అవ్వ పిలిసినట్టయిందన్నా అనెటోడు."

హర్షిణి చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆ ఫ్యాక్టరీ ఆవరణలో చెట్టన్నది లేదు. ప్రతి అడుగూ కొలిచి నక్షా గీసింది తనే. క్యాంటీన్ వెనక ఉన్నవి యాసిడ్ డ్రమ్ములు. బర్నబా ఆమె వైపు చూడలేక నేల చూస్తున్నాడు.

రాజవ్వ మాత్రం హర్షిణి వైపే తిరిగింది. ముడతల మధ్య కళ్లు నిలకడగా ఉన్నాయి.

"ఆ చెట్టు ఇంక ఉన్నదా బిడ్డా?"

జరిగింది జరిగినట్టు రాయడం ఆమె ఉద్యోగం. రాసి ఇచ్చేసింది కూడా.

"ఉన్నదవ్వా," అంది హర్షిణి. "ఇప్పుడు పూత మీదున్నది."

రాజవ్వ తలూపింది. "అదే అనుకున్న. పొద్దుగాల సంది వాసనొస్తనే ఉన్నది," అంది.

బయట గాలి ఫ్యాక్టరీల వైపు నుంచే వీస్తోంది.